ఊరి చెరువు ఎవరు తవ్వించారో వెతుకుతున్న అమ్మాయి

ప్రశ్న: మాది కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర పల్లె. మా పాప ఎంపీసీతో ఇంటర్ పాసయింది, మంచి మార్కులు వచ్చాయి. ఇంజనీరింగ్ వద్దంటోంది. బీఏలో హిస్టరీ తీసుకుని మా ప్రాంతం చరిత్ర మీద పనిచేస్తానంటోంది. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారో కనుక్కోవాలని ఆరు నెలలుగా పుస్తకాలు వెతుకుతోంది. చుట్టాలంతా నన్ను తప్పుపడుతున్నారు. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? ఒప్పుకోవాలా, వద్దా?

జవాబు: ఉద్యోగాల సంగతికి తప్పకుండా వస్తాను. ముందు ఆ చెరువు గురించి మాట్లాడనివ్వండి. మీ అమ్మాయి వేసిన ప్రశ్నకు సర్కారు కాగితాల్లో నిజంగానే జవాబు దొరికే అవకాశం ఉంది.

సీమలో చెరువు తవ్వించినవాళ్లకు, తెగిన కట్టను బాగుచేయించినవాళ్లకు మాన్యం ఇచ్చే పద్ధతి ఉండేది. దాన్ని దశబంధం ఇనాం అంటారు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఊరూరా ఇలాంటి మాన్యాలన్నిటినీ విచారించింది. ఆ విచారణలో తయారైనదే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. అందులో ఒక్కో మాన్యానికీ ఒక వరుస ఉంటుంది. భూమి ఎంత, ఎందుకిచ్చారు, ఎవరిచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, విచారణనాటికి అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని గళ్లు గళ్లుగా రాసి ఉంటుంది. నేను మొదటిసారి ఆ పుట చూసినప్పుడు గంటసేపు కదల్లేదు. నూట అరవై ఏళ్ల కిందటి రైతు పేరు, వయసుతో సహా కళ్లముందుకు వచ్చింది. మీ చెరువుకు దశబంధం ఉండి ఉంటే, పాపకు కావలసిన పేరు అలాంటి వరుసలోనే ఉంటుంది. ఏళ్లు ఫసలీలో, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరాల్లో, కనబడితే కంగారుపడొద్దు, 590 కలపమనండి. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా.

ఈ కాగితాలు ఎక్కడుంటాయంటే, 1800లో నిజాం కడపతో సహా దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు కాబట్టి కడప పాత రికార్డుల్లో చాలా భాగం మద్రాసు చేరింది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు ఎప్పుడో ఒకసారి వెళ్లక తప్పదు. అంతకుముందు కలెక్టరేట్ రికార్డు రూములోనూ తహసీల్దారు ఆఫీసులోనూ అడగండి, నకలు కోసం దరఖాస్తు పెట్టండి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినా కొన్ని ఇళ్లలో పాత లెక్కల కట్టలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంటికి పాప ఒక్కతే కాకుండా మీరూ వెంట వెళ్తే తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

కైఫీయత్తులు చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ కోసం ఊరి కరణాలు చెప్పి రాయించిన ఊళ్ల వృత్తాంతాలవి. కడప జిల్లావి కడపలోని సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో పుక్కిటి పురాణమూ ఉంటుంది, ఫలానా శకంలో ఫలానావారు ఇచ్చిన అగ్రహారమనే గట్టి కబురూ ఉంటుంది. రెంటినీ విడదీయడమే అసలు పని. అందుకు శాసన సంపుటాలు కావాలి. 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, 1915 నాటి బ్రాకెన్‌బరీ గెజిటీర్ కూడా చదవాలి. అయితే అవి శిస్తు వసూలు చేసే దొరల కంటితో చూసి రాసినవని మరిచిపోకూడదు.

ఇక బతుకుతెరువు. దాపరికం లేకుండా చెబుతాను. ఆర్కైవ్స్‌లో, పురావస్తు శాఖలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. కాలేజీ లెక్చరర్ కావాలంటే ఎంఏ, ఆపైన నెట్ లేదా సెట్. బీఏ నుంచి లెక్కేస్తే కనీసం అయిదారేళ్లు. పీహెచ్‌డీకి అంతకన్నా ఎక్కువే. ఆ కాలమంతా ఇంట్లో జరుగుబాటు ఉండాలి. అది మీకు కష్టమైతే పాపతో ఇప్పుడే చెప్పండి, తర్వాత మధ్యలో ఆపించొద్దు. బీఏ తర్వాత బీఈడీ చేస్తే సోషల్ టీచర్ దారి ఉంటుంది. చరిత్ర మీద పనిచేసిన టీచర్లు మన దగ్గర చాలామంది.

హిస్టరీ డిగ్రీలు చాలామందికి ఉన్నాయి. పాత చేతిరాత చదవగలిగేవాళ్లు, శాసనం లిపి విప్పగలిగేవాళ్లు మాత్రం కరువు. నా లెక్కలో పాపకు ఉద్యోగం తెచ్చిపెట్టేది ఆ చదవగలగడమే. ఎంఏకి ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం చూడొచ్చు. ఢిల్లీలో జాతీయ ఆర్కైవ్స్ వారి ఏడాది డిప్లొమా ఉంది. కేంద్ర పురావస్తు శాఖకు మైసూరులో శాసన విభాగం ఉంది. బీఏలో తెలుగు సాహిత్యం తప్పక తీసుకోమనండి, సంస్కృతం కొంచెమైనా నేర్చుకోమనండి. ఇంగ్లిష్ విషయంలో బద్ధకం వద్దు, రికార్డుల్లో ఎక్కువ భాగం అందులోనే ఉంది. ఎంపీసీ చదువు కూడా వృథా పోదు. సర్వే పటాలు, జీఐఎస్ మ్యాపులు (కంప్యూటర్ మీద తయారుచేసే పటాలు) చేయగలిగిన చరిత్ర విద్యార్థులు అరుదు.

నేనైతే ఒప్పుకుంటాను. ఒక్క షరతు పెట్టండి. బీఏ మొదటి ఏడాది ముగిసేలోగా ఆ చెరువు మీద ఇరవై పేజీలు రాయాలి, ప్రతి మాటా ఎక్కడ దొరికిందో పక్కన వేయాలి. ఆ పని రుచి మరిగితే ఇక ఆమెను ఆపొద్దు. విసుగొస్తే తనంతట తనే మీ దగ్గరకు వస్తుంది, అప్పుడు బీఈడీ సంగతి మాట్లాడుకోవచ్చు.

ఈ ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరూ చెరువు కట్ట మీదకు వెళ్లండి. తూము దగ్గర అక్షరాలున్న రాయి ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే సున్నం, రంగు పూయకండి, గీకకండి. నీళ్లతో మెల్లగా కడిగి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయండి. మధ్యాహ్నం కనబడని అక్షరాలు అప్పుడు పైకి తేలతాయి.