సమాధానం: మంచం మీద నుంచే హంతకుణ్ణి పట్టే డిటెక్టివ్ సినిమా

పేరు గుర్తులేని సినిమా ఒకటి అడిగారు కదా, మీరు వెతుకుతున్నది 1999లో వచ్చిన 'ది బోన్ కలెక్టర్' అండి. మెడ కింద శరీరం దాదాపు కదలని డిటెక్టివ్, టాక్సీ ఎక్కించుకుని మనుషుల్ని మాయం చేసే హంతకుడు, రైలును ఆపేసే లేడీ పోలీసు అన్నారుగా, ఇక అనుమానం లేదు. మీరు అనుకున్న 'సెవెన్' సినిమా కాదు, అందులో వెతికితే దొరకదు. డిటెక్టివ్‌గా మోర్గాన్ ఫ్రీమన్ అని మీకు గుర్తున్నది నిజానికి డెంజెల్ వాషింగ్టన్, ఆ పోలీసు ఏంజెలీనా జోలీ.

రైలు సీన్ మొదట్లోనే వస్తుంది. పట్టాల పక్కన మట్టిలోంచి చెయ్యి పైకి వచ్చి ఉంటుంది, ఒక వేలు ఎముక దాకా ఒలిచేసి ఉంటుంది. రైలు వెళితే ఆధారాలు చెదిరిపోతాయని ఆవిడ పట్టాల మీద నిలబడుతుంది. అడుగుజాడ సైజు తెలియడానికి పక్కన డాలర్ నోటు పెట్టి ఫోటో తీస్తుంది. అది చూశాకే ఆ డిటెక్టివ్ లింకన్ రైమ్ ఆవిణ్ణి పిలిపిస్తాడు. నా మటుకు సినిమాలో బెస్ట్ బిట్ అదే. క్లైమాక్స్ మాత్రం హడావిడిగా లాగించేశారు.

మూలం జెఫ్రీ డీవర్ 1997 నవల. దానికీ సినిమాకీ హంతకుడు ఒకడు కాదు, కాబట్టి సినిమా చూశాక కూడా నిక్షేపంగా చదువుకోవచ్చు. పేరు కొడితే రస్సెల్ హార్న్స్‌బీ ఉన్న 2020 టీవీ సిరీస్ కూడా కనిపిస్తుంది, అది వేరు. దర్శకుడు ఫిలిప్ నోయ్స్ పేరు కూడా కలిపి వెతకండి.