ప్లెథొరా ఎక్కడ వడ్డించాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథకు నువ్వే చేసుకున్న ఇంగ్లీషు అనువాదం చదివాను. పెళ్లి భోజనాల దగ్గర ఆగిపోయాను. తెలుగులో 'విస్తరి నిండా బోలెడు పిండివంటలు' అన్నావు, నోరూరింది. ఇంగ్లీషులో అదే 'ఎ ప్లెథొరా ఆఫ్ స్వీట్స్' అయ్యేసరికి అజీర్తి చేసింది.

ఆ మాట గ్రీకుది, నిండుదనమని అర్థం. 16వ శతాబ్దంలో వైద్యుల వెంట ఇంగ్లీషులోకి వచ్చింది. ఒంట్లో నెత్తురు మితిమీరిందనుకుంటే దాన్ని ప్లెథొరా అనేవారు. మొహం కందగడ్డలా ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి, నరం కోసో జలగలు పట్టించో నెత్తురు తీసేవారు. మొహం అలా ఎర్రబారితే డాక్టర్లు ఇప్పటికీ ఆ మాటే రాస్తారు. అందుకే అందులో 'ఇక చాలు బాబూ' అనే విసుగు మిగిలిపోయింది. ఈమధ్య నిఘంటువులు 'చాలా' అన్న అర్థమూ ఇస్తున్నాయి, కాబట్టి నీది తప్పనను. నా చెవికి మాత్రం గుచ్చుకుంటుంది.

గుచ్చుకోవడానికి కారణముంది. ఇంగ్లీషు పత్రికలో చేరిన కొత్తలో, తుఫాను బాధితులకు సాయం పంపినవాళ్లను మెచ్చుకుంటూ 'ప్లెథొరా ఆఫ్ డోనర్స్' అని హెడ్డింగు పెట్టాను. నాలుగోనాడు ఒక ముసలి డాక్టరుగారి కార్డుముక్క: 'దాతలు మరీ ఎక్కువైతే చెప్పండి, జలగలు పంపిస్తాను.'

మన మాటలకు మాత్రం రుచులు లేవా? చెరువులో నీళ్లు పుష్కలం అంటాం, అచ్చుతప్పులు పుష్కలం అని వెటకారానికి తప్ప అనం. వాటికి కోకొల్లలు ఉంది. బోలెడు ఇంట్లో మాట, పిల్లల నోట బాగుంటుంది.

ఒక్క సంతకం కోసం ఆరు ఫారాలు నింపమన్నప్పుడు ప్లెథొరా వాడు, అతికినట్టుంటుంది. దాని తర్వాత బహువచన నామం వస్తే క్రియ కూడా సాధారణంగా బహువచనంలోనే ఉంటుంది. పలికేటప్పుడు ఊనిక 'ప్లె' మీద, మనవాళ్లలా 'థో' అని సాగదీయకు.

నీ విస్తరికి 'ప్లెంటీ' చాలు. అదీ ఎందుకు, అరిసె, బూరె, కాజా అని పేర్లే రాసెయ్. ప్లెథొరా మరీ ముద్దొస్తుంటే దాచుకో. నీ కథలో పెళ్లికొడుకు మేనమామ, చెయ్యి అడ్డంపెట్టినా వినకుండా మరో నాలుగు బూరెలు పడేస్తాడు చూడు, అక్కడ వడ్డించు.

ఉంటాను.