వానకాలం జామలో పురుగు: కాపును శీతాకాలానికి మళ్లించండి

ప్రశ్న: ఎర్ర నేలలో రెండెకరాల అలహాబాద్ సఫేదా జామ ఉంది. ఆరేళ్ల చెట్లు, డ్రిప్ ఉంది. ఇప్పుడు కాయ బాగానే ఉంది కానీ, పండు కోస్తే లోపల తెల్ల పురుగులు. రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు. వ్యాపారి రావడం మానేశాడు. ఏం చేయాలి? చిన్న కాయలతో ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా? మా అమ్మకు షుగర్ ఉంది, జామ తినొచ్చా?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: మీ తోటలో ఉన్నది పండు ఈగ. తల్లి ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గుజ్జు లోపల పెరుగుతాయి కాబట్టి పైన కొట్టిన మందు వాటికి తగలదు. పైగా కోతకు వచ్చిన కాయ మీద మందు కొడితే ఆ అవశేషం తినేవాళ్లకు చేరుతుంది. దయచేసి ఇక కొట్టకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం రాలిన కాయలు ఏరడం. పురుగు కాయలోంచి బయటపడి మట్టిలో కోశస్థ దశకు (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ) వెళ్తుంది, అక్కడి నుంచే మళ్లీ ఈగలు లేస్తాయి. రాలినవి, పుచ్చినవి రోజూ ఏరి రెండడుగుల గుంతలో పూడ్చండి. గట్టు మీద పారేస్తే ఏరిన కష్టం వృథా. చెట్ల కింద మట్టిని పైపైన కదిలించండి. ఎకరాకు 8–10 మిథైల్ యూజినాల్ (మగ ఈగలను లాగే వాసన పదార్థం) ఎర బుట్టలు కట్టండి. వాటిలో పడేవి మగ ఈగలే కాబట్టి కాయలు ఏరకుండా బుట్టలు మాత్రమే కడితే ఫలితం ఉండదు.

అసలు మార్పు వచ్చే వేసవిలో చేయాలి. ఫిబ్రవరి–మార్చి పూత వానల్లో కాయవుతుంది. అప్పుడు ఈగ ఎక్కువ, కాయ చప్పగా ఉంటుంది, నిల్వ ఉండదు. జూన్–జూలై పూత నవంబరు నుంచి జనవరి మధ్య కోతకు వస్తుంది. ఆ కాయకు తీపి, విటమిన్ సి రెండూ ఎక్కువే. రెండు కాపులూ కావాలనుకుంటే చెట్టు అలసిపోయి మంచి కాపే తగ్గుతుంది. నా సలహా, వానకాలం కాపును పూర్తిగా వదులుకోండి.

మీది ఎర్ర నేల కావడం కలిసొచ్చే విషయం. ఫిబ్రవరి నుంచి మే మధ్య వరకు డ్రిప్ ఆపేస్తే పూత, ఆకు చాలావరకు రాలిపోతాయి. ఆకు రాలుతుంటే టెన్షన్ పడి నీళ్లు వదలకండి. తేమ పట్టి ఉంచే నల్లరేగడిలో ఇది అంత బాగా పనిచేయదు. మే మొదటి పక్షంలో ఈ ఏడు పెరిగిన రెమ్మలను సగానికి కత్తిరించండి. జామ పూసేది కొత్త చిగురు మీదే. నెలాఖరున పాదులు తవ్వి, చివికిన పశువుల ఎరువు, భూసార పరీక్షను బట్టి రసాయన ఎరువులు వేసి నీళ్లు ఇవ్వండి. వానల్లో పాదుల్లో నీరు నిలిస్తే ఎండు తెగులు వస్తుంది, కాలువలు తీసి పెట్టుకోండి.

ఇక వాడకం. పురుగు పట్టినవి దేనికీ పనికిరావు. గీతలు పడినవి, చిన్నవి మాత్రం జెల్లీకి బాగుంటాయి, ఎందుకంటే దోరకాయలో జెల్లీని గడ్డకట్టించే పెక్టిన్ బాగా ఉంటుంది. కిలో ముక్కలకు లీటరున్నర నీళ్లు, 2 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి అరగంట ఉడికించి, పిండకుండా గుడ్డలో వడకట్టండి. లీటరు రసానికి ముప్పావు కిలో చక్కెర వేసి మరిగించండి. గరిటెతో ఎత్తి పోసినప్పుడు బొట్లుగా కాక రేకులా జారితే దించి, వేడిగా సీసాల్లో పోయండి. అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి పోషకాల కోసమైతే పచ్చిగానే తినాలి. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, కమలాలో 50 దగ్గర. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 65–80 మిల్లీగ్రాములే. విటమిన్ సి తొక్కలో, తొక్క పక్క గుజ్జులో ఎక్కువ, చెక్కేయకండి. అన్నంలో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి కూడా ఇది తోడ్పడుతుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు భోజనం తర్వాత నాలుగు ముక్కలు తినడం మంచిది.

అమ్మగారు రోజుకు ఒక మధ్యస్థం దోరకాయ తినొచ్చు. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర మెల్లగా రక్తంలోకి వెళ్తుంది. జ్యూస్, జెల్లీ వద్దు. జామ తింటున్నామని మాత్రలు ఆపకూడదు. కిడ్నీ సమస్య కూడా ఉంటే ఇందులో పొటాషియం ఎక్కువ కాబట్టి ముందు డాక్టరును అడగండి.