బొమ్మ వేరు, ఆటవస్తువు వేరు

సందేహం: మాది విజయవాడ వన్‌టౌన్. విదేశాల నుంచి పిల్లల బొమ్మలు తెప్పించి అమ్మే హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. ఏ సరుకు ఏ పేరుతో, ఏ కోడ్ కింద వచ్చిందో మా యజమాని తెలుగులో రాసిమ్మంటారు. కస్టమ్స్ కాగితాల్లో టాయ్, డాల్, మోడల్ అని వేరువేరుగా ఉంటాయి. నేను మాత్రం అన్నిటికీ ‘బొమ్మ’ అనే రాస్తున్నాను. నిఘంటువు చూస్తే ఆటబొమ్మ, ఆటవస్తువు, క్రీడోపకరణం అని కనిపించాయి. ఏది రాయాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ‘సుంకం’ అనే మాట పాతబడిపోయిందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: టాయ్‌కి ‘ఆటవస్తువు’ అని రాయండి, డాల్‌కి ‘బొమ్మ’ అని రాయండి. ఎందుకో చెబుతాను.

బొమ్మ అంటే ముందుగా రూపం. పిల్లవాడు నోటుబుక్కులో గీసేది బొమ్మే. కూడలిలో నిలబెట్టిన రాతి విగ్రహాన్నీ మన పెద్దలు బొమ్మనే అంటారు. కట్టే ఇంటి ముందు వేలాడేది దిష్టిబొమ్మ. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని అడుగుతాం. హాల్లో లైట్లు ఆరితే బొమ్మ పడిందంటాం. తమిళుల బొమ్మై, కన్నడిగుల బొంబె దీనికి చుట్టాలే. పైన చెప్పినవాటిలో పిల్లలు ఆడుకునేది ఒక్కటీ లేదు, అయినా అన్నీ బొమ్మలే.

ఈ తేడా నాకు మొదట తెలిసింది పుస్తకంలో కాదు, గుంటూరులో మా మేనత్త ఇంట్లో. సంక్రాంతికి ఆవిడ ట్రంకుపెట్టెలు మెట్లుగా పేర్చి, తెల్లపంచె పరిచి బొమ్మల కొలువు పెట్టేది. రెండో మెట్టు మీద కొండపల్లి అంబారీ ఏనుగు ఉండేది. ఎవరూ లేనప్పుడు దాన్ని కిందికి దించి నేల మీద నడిపిస్తుంటే తొండం ఊడి చేతికొచ్చింది. విరిగినచోట లోపల తెల్ల పొణికి కర్ర, దాని చుట్టూ చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేసిన మక్కు గోధుమరంగులో కనిపించాయి. మేనత్త కొట్టలేదు. “ఆడుకోవడానికట్రా అవి? బొమ్మలురా!” అంది. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు ముక్కల్లో ఉంది.

ఇప్పుడు అటువైపు నుంచి చూడండి. లక్కపిడతలు, గిలక్కాయ, బొంగరం, బుడగ. వీటిలో మనిషి రూపం లేదు, జంతువు రూపం లేదు, కానీ అన్నీ పిల్లలవే. బొంగరాన్ని ఎవరూ బొంగరపు బొమ్మ అనరు. టాయ్ అన్న మాటకు ప్రాణం రూపంలో లేదు, వాడకంలో ఉంది. మన ప్రభుత్వపు నాణ్యతా ఉత్తర్వు కూడా 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి తయారుచేసిన వస్తువు అనే దాన్ని నిర్వచిస్తుంది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది ఈ నిర్వచనం కిందికి వచ్చేవాటికే. అక్కడ ‘ఆడుకోవడానికి’ అన్నదే ప్రధానం కాబట్టి తెలుగులోనూ ‘ఆట’ ముందుండాలి.

మరి ఆటబొమ్మ అంటే చాలదా? అందులో ఆట ఉంది, నిజమే. కానీ తెలుగు సమాసంలో సాధారణంగా చివరి మాటదే పెత్తనం. తోలుబొమ్మ, లక్కబొమ్మ, మట్టిబొమ్మ... అన్నీ చివరికి బొమ్మలే, ముందున్న మాట ఏ రకమో చెబుతుంది. ఆటబొమ్మ కూడా అంతే, ఆడుకునే బొమ్మ. బొంగరం అందులో ఇమడదు. ఇదే సూత్రం ఇంకోచోట మీకు పనికొస్తుంది. ‘బొమ్మ తుపాకీ’తో బెదిరించారని పేపర్లో చదువుతాం. అదే ‘తుపాకీ బొమ్మ’ అంటే కాగితం మీద గీసినదీ కావచ్చు. కారు బొమ్మ, రైలు బొమ్మ అని ఇంట్లో అనుకోవడం తప్పని నేననను. పిల్లల ముందు వ్యాకరణం విప్పక్కర్లేదు. కానీ డబ్బుతో ముడిపడిన కాగితం మీద ‘బొమ్మ కారు’ అనే రాయండి. అప్పుడది పోస్టరో స్టిక్కరో అని ఎవరూ అనుకోరు.

డాల్‌కి మాత్రం బొమ్మ సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే అక్కడ రూపమే లెక్క. దీని మీద అమెరికాలో పెద్ద కేసే నడిచింది. కామిక్ వీరుల ప్లాస్టిక్ బొమ్మలు డాల్స్ అయితే అప్పట్లో 12 శాతం, టాయ్స్ అయితే 6.8 శాతం సుంకం. వీళ్లకు పంజాలున్నాయి, మానవాతీత శక్తులున్నాయి, వీళ్లు మనుషులు కారు, మనిషి రూపమైతేనే డాల్ అని దిగుమతిదారు వాదించాడు. 2003లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం అతని పక్షానే తీర్పిచ్చింది. ఆ తీర్పును మన మాటల్లో చెప్పాలంటే డాల్ ‘మనిషి బొమ్మ’. కుక్కపిల్ల, ఎలుగుబంటి, రాక్షసుడు డాల్స్ కాదు. మీ కాగితంలో డాల్ అని ఉన్నచోట మనిషి బొమ్మ అని రాస్తే ఇంకా స్పష్టం.

మీ కాగితాల్లోని కోడ్‌లు ప్రపంచ దేశాలు కస్టమ్స్ కోసం వాడే సరుకుల పట్టికలోవి. అందులో డాల్స్‌కి మొదట 9502 అని వేరే శీర్షిక, అంటే నాలుగంకెల కోడ్, ఉండేది. 2007లో చక్రాల ఆటవస్తువులు, మనిషి బొమ్మలు, మిగతా ఆటవస్తువులు అన్నిటినీ కలిపి 9503 కిందికి తెచ్చారు. ఇక తేడాతో పనేముంది అనుకోకండి. పెట్టె విప్పి చూసినప్పుడు లోపలి సరుకూ పైన రాసిన పేరూ ఒకటిగా ఉండాలి. పైగా షోకేసులో పెట్టుకునే చెక్క బొమ్మ 9503 కిందికి రాదు, చెక్కతో చేసిన అలంకార వస్తువుల శీర్షిక 4420 కిందికి వెళ్తుంది. ఆటవస్తువుల మీద మన దేశపు దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆటవస్తువునూ షోకేసు బొమ్మనూ రెండిటినీ బొమ్మలని రాసిన కాగితం చదివి మీ యజమాని సరుకు ధర ఎలా కట్టుకుంటారు? మా మేనత్త చెప్పిన తేడా ఇక్కడ రూపాయల్లోకి దిగుతుంది.

ఇంకో చిత్రం. మూడు చక్రాల పిల్లల సైకిల్ ఆటవస్తువు. రెండు చక్రాలదైతే ఎంత చిన్నదైనా సైకిలే, అది 8712. కుక్కలు కొరుక్కోవడానికి చేసిన రబ్బరు ఎముక 9503లోకి రాదు, కాబట్టి దాన్ని ఆటవస్తువుల వరసలో కలపకుండా ‘పెంపుడు జంతువుల సామాను’ అని విడిగా రాయండి.

మోడల్‌కి ‘నమూనా’ చాలు. కొలతలు తగ్గించి చేసిన విమానమైతే ‘విమానం నమూనా’. పజిల్‌ని పజిల్ అనే ఉంచండి. దాన్ని పొడుపుకథ అని రాసినవాళ్లున్నారు, పొడుపుకథను అట్టపెట్టెలో పెట్టి ఎవరూ దిగుమతి చేసుకోరు. పేకముక్కలు, చదరంగం, వీడియో గేముల యంత్రాలు 9504లోవి, వాటిని ‘ఆటలు’ అనండి. క్రీడోపకరణం అనే మాటను షటిల్ బ్యాట్లకు, వ్యాయామ సామగ్రికి వదిలేయండి. దాన్ని పిల్లల గిలక్కాయకు తగిలించడం నాకు బొత్తిగా నచ్చదు.

సుంకం పాతదే కానీ పాతబడలేదు. సంస్కృత శుల్కమే సుంకమై మన నోట స్థిరపడింది. సుంకర అని ఇంటిపేరున్నవాళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో 1244లో వేయించిన అభయశాసనం సముద్రవర్తకుల దగ్గర ‘కౢప్తశుల్కం’ తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చింది. కౢప్తం అంటే ఇంత అని ఏర్పరచినది. మనం ‘క్లుప్తంగా చెప్పు’ అంటున్నది ఆ మాటనే, అర్థం మాత్రం కుదించుకుపోయింది. పన్ను అనేది అన్నిటికీ చెల్లే మాట, సరుకు సరిహద్దు దాటినందుకు కట్టేది సుంకం. మీ షాపులో అందరూ కస్టమ్స్ డ్యూటీ అంటుంటే మాటల్లో అలాగే అనండి, రాతలో ‘దిగుమతి సుంకం’ అనండి.

ఇక మీ పట్టికలో మొదటి వరస ఇలా ఉండవచ్చు: “9503 – పిల్లల ఆటవస్తువులు: ప్లాస్టిక్ మనిషి బొమ్మలు, బొమ్మ కార్లు, విమానం నమూనాలు, పజిళ్లు, మూడు చక్రాల సైకిళ్లు.”