నా పాటకి ఢిల్లీ రిజిస్ట్రేషన్ లేకపోతే నాది కాదా?

ప్రశ్న: అన్నా, నేను రొయ్యల గుంటల మీద, రొట్టెల పండగ మీద పాటలు రాస్తుంటా. పోయినేడు ఒకటి స్టూడియోలో పాడిస్తే నా పేరు లేకుండా యూట్యూబ్‌లో పెట్టేశారు. అడిగితే కాపీరైట్ రిజిస్ట్రేషన్ ఉందా అంటున్నారు. ఇప్పుడు చేయిస్తే ఆ ఆఫీసోళ్లు వీడియో తీయించేస్తారా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ భయం తీసెయ్. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నువ్వు సొంతంగా పాట రాసి కాగితం మీదో ఫోన్‌లోనో పెట్టుకున్న రోజే అది నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కానే కాదు, స్టూడియోవాళ్లు ఆ మాట అనడం అన్యాయం.

ఢిల్లీ ద్వారకలో ఉండే కాపీరైట్ ఆఫీసు చేసే పని రిజిస్టర్ రాయడం. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, పాట సాహిత్యానికి ఫీజు 500, డైరీ నంబర్ ఇస్తారు, ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలించి ఎక్కిస్తారు. వాళ్లు వీడియో తీయించరు, ఎవర్నీ పట్టుకోరు. కానీ ఆ ఎంట్రీకి విలువుంది, ఎదుటోడు తప్పని రుజువు చేసేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటది. అందుకే 500 పెట్టి చేయించుకోమనే నేనంటా. వేలకి వేలు అడిగే ఏజెంట్ల జోలికి మాత్రం పోవద్దు. కేసు వేయాల్సొస్తే ఢిల్లీ పోనక్కర్లేదు, నువ్వుండేది కావలి కాబట్టి నెల్లూరు జిల్లా కోర్టులోనే వేయొచ్చు. యూట్యూబ్‌కి కంప్లైంట్ ఇయ్యడానికైతే రిజిస్ట్రేషన్ అడగరు, ఈ రోజే పెట్టు.

ఇంకోటి, సాహిత్యం వేరు, ట్యూన్ వేరు, రికార్డింగ్ వేరు, మూడింటికీ హక్కులు విడివిడిగా ఉంటయ్. రికార్డింగ్‌కి డబ్బులు పెట్టింది స్టూడియో అయితే దానికి వాళ్లు ఓనర్లు కావొచ్చు, నీ మాటలకి కాదు. హక్కులు అమ్ముకున్నా సరే, రాసింది నేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద నీ దగ్గరే ఉంటది, కాబట్టి పేరు వేయమని గట్టిగా అడుగు.

నోటిమాట మీద హక్కులు బదిలీ కావు, రాతపూర్వకంగా సంతకం ఉండాలి. వాళ్ల దగ్గర నువ్వేమన్నా సంతకం పెట్టావా అనేది ముందు చూసుకో. పెట్టుంటే ఎన్నేళ్లకని రాశారో చదువు, కాలం రాయకపోతే 5 ఏళ్లే లెక్క. అది తెలుసుకున్నాకే లాయర్ దగ్గరికి వెళ్లు, నువ్వు రాసిన చిత్తుప్రతి, వాట్సాప్‌లో స్టూడియోకి పంపిన మెసేజ్‌లు తీసుకునిపో, ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దు.