పడవ పొట్ట చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

నీళ్లూ పడవలూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
(జవాబులు ఇస్తున్నవారు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక తిరుపతి కె.టి. రోడ్డులో స్థిరపడ్డారు)

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు స్టీలు పైపులైన్లు వేసే పని చేస్తాను. వయసు 51. మా అమ్మాయి చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. రెండేళ్లుగా ఆదివారాలు నేనూ వెళ్లి నేర్చుకుంటున్నాను. గోవాలో ఒక పెద్దాయన 2007లో తనకోసం ప్రత్యేకంగా కట్టించుకున్న 36 అడుగుల పడవ అమ్మకానికి వచ్చింది. లోపల చెక్క, పైన ఫైబర్ గ్లాస్. ఫొటోల్లో అద్దంలా మెరుస్తోంది. 26 లక్షలు చెబుతున్నారు. ఇంకో పార్టీ కూడా అడుగుతోందని, ఈ వారంలోనే 5 లక్షలు అడ్వాన్స్ వేయమని మధ్యవర్తి తొందరపెడుతున్నాడు. మా ఇంట్లో ఆవిడకు ఒకటే టెన్షన్. కొనొచ్చా? కొంటే పులికాట్‌లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈ వారం డబ్బు వేయకండి. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతా సంగతులకు వస్తాను. ఆ ఇంకో పార్టీ కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి. మీరు 19 ఏళ్ల పాత పడవ కొనాలనుకుంటున్నారు. దాన్ని ఒక వారం ఆలస్యంగా చూసినందుకు మీకొచ్చే నష్టం లేదు. చూడకుండా కొంటే వచ్చే నష్టం ఎంతో నాకు తెలుసు.

ఫ్యాక్టరీలో వరసగా తయారైన పడవకూ, ఒక మనిషి తనకోసం కట్టించుకున్న పడవకూ చాలా తేడా ఉంది. వరస పడవ కారులాంటిది. అదే మోడల్ ఇంకో వంద మంది దగ్గర ఉంటుంది. ఎక్కడ కారుతుందో, ఏ భాగం ముందు అరుగుతుందో అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు. కట్టించుకున్న పడవ సొంతింటి లాంటిది. ఏ గోడలో ఏ పైపు పోతోందో దాన్ని కట్టిన మేస్త్రీకే తెలుసు. అందుకే మీ మొదటి ఫోన్ మధ్యవర్తికి కాదు, ఆ పడవ కట్టిన యార్డుకి వెళ్లాలి. డిజైన్ గీసింది ఎవరు, మొత్తం బరువెంత, పడవ తిరగబడకుండా అడుగున వేలాడే బరువైన కీల్ ఎంత బరువు, ఏ చెక్క వాడారు, ఫైబర్‌ను అతికించే జిగురుగా ఎపాక్సీ వాడారా పాలియెస్టర్ రెజిన్ వాడారా, అన్నీ అడగండి. డ్రాయింగులు, కట్టేటప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయేమో కనుక్కోండి. పడవను ప్రేమతో కట్టించుకున్న యజమాని ఆ ఫొటోలు తప్పకుండా దాచుకుంటాడు. డ్రాయింగు ఒక్కటి కూడా లేదంటే నేనైతే అక్కడితో ఆగిపోతాను.

కట్టించుకున్న పడవలంటే నాకు చిన్నచూపు లేదు. మనిషి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని మొదటిసారి చుట్టి వచ్చింది సుహైలి అనే 32 అడుగుల పడవలో. 1968–69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ దాన్ని నడిపాడు. ఆ పడవను టేకు చెక్కతో మన బొంబాయిలోనే కట్టారు. మన నేవీవాళ్ల మాదేయి, తారిణి పడవలను గోవాలో కట్టారు. చెక్క లోపల, ఫైబర్ గ్లాస్ పైన, మీరు చూస్తున్నదాని పద్ధతే. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా 254 రోజులు తారిణిలో ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో ఇద్దరు మన తెలుగమ్మాయిలు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. పద్ధతిగా కడితే ఈ రకం పడవ ఎంత గట్టిదో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? మీ పెద్దాయన పడవ పద్ధతిగా కట్టిందేనా, ఆ తర్వాత పద్ధతిగా చూసుకున్నారా అన్నదే మనం తేల్చుకోవాలి.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కింద ఇద్దరు స్నేహితులతో కలిసి పశ్చిమ తీరంలో ఒక పాత పడవ కొన్నాను. నేను ఓడ ఇంజనీరునే, అయినా మోసపోయాను. లోపల అడుగుభాగం, అంటే బిల్జ్, కొత్త తెల్ల రంగుతో మెరిసిపోతుంటే ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో అని మురిసిపోయాను. కీల్‌ను పట్టి ఉంచే బోల్టుల మీద నట్లన్నీ కొత్తవి. ఆరు నెలల తర్వాత పడవను నీళ్లలోంచి ఎత్తించి, కీల్ దించి చూస్తే, వేలెడు లావుండాల్సిన బోల్టు మధ్యలో పెన్సిలంత అయిపోయి ఉంది. పైన నట్టు దగ్గర నిగనిగ, కింద నున్నటి భాగమూ నిగనిగ, మధ్యలో పడవా కీలూ కలిసే అతుకు దగ్గర మాత్రం చెద తిన్న కట్టెలా గుంటలు. ఆ బోల్టు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. ఆ ఆరు నెలల్లో ఒక్క గట్టి గాలి తగిలినా మేం ముగ్గురం ఏమయ్యేవాళ్లమో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఎందుకలా అవుతుందో మీకు వివరించాల్సిన పని లేదు. గుజ్జు లైనులో ఫ్లాంజ్, అంటే రెండు పైపుల్ని బోల్టులతో కలిపే అంచు, విప్పినప్పుడు, పైపంతా బాగుండి మధ్యలో కారకుండా పెట్టే గాస్కెట్ కింద మాత్రం గుంటలు పడి ఉండటం మీరు చూసే ఉంటారు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీదుండే పల్చటి పొర. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. అతుకులో ఉప్పునీరు చేరి కదలకుండా నిలిచిపోతే గాలి తగలదు, పొర పోతుంది, తినేయడం మొదలవుతుంది. స్టీలు 304 రకమైతే తొందరగా, 316 అయితే కాస్త నెమ్మదిగా. బయటికి మాత్రం ఏమీ కనబడదు. మీ చేతి పనితనం ఇక్కడ మీకు పెద్ద ఆస్తి. మెరుపు చూసి స్టీలును నమ్మే మనిషి కారు మీరు.

సరే, గోవా వెళ్లండి. రెండు రోజులు పెట్టుకోండి. అమ్మేవాళ్లతో సంబంధం లేని మెరైన్ సర్వేయర్‌ను, అంటే పడవలను పరీక్షించి రిపోర్టు ఇచ్చే నిపుణుణ్ని, మీరే మాట్లాడుకుని తీసుకెళ్లండి. పడవను నీళ్లలోంచి ఎత్తించాలి. ఎత్తడం, దించడం ఖర్చు కొనేవాడే పెట్టుకుంటాడు, పెట్టుకోండి. ఎత్తడానికి ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. తిరిగి వచ్చేయండి.

పడవ గట్టెక్కాక సర్వేయర్ చిన్న ప్లాస్టిక్ సుత్తితో పొట్టంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోతాడు. పక్కనే నిలబడి వినండి. మన కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు వేలితో తట్టి వినే శబ్దమే ఇది. గట్టిగా ఉన్నచోట ‘టక్’మని తెగినట్టు వినిపిస్తుంది. లోపల చెక్కా ఫైబరూ విడిపోయిన చోట, తడిసిన చోట, ‘డబ్’మని బోలుగా పలుకుతుంది. అలాంటి చోట్ల సుద్దముక్కతో గీత గీయించండి. పని పూర్తయ్యాక గీతలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. డెక్ మీద, అంటే పడవ పైతలం మీద, ఏదో ఒక ఫిట్టింగ్ చుట్టూ ఉంటే, ఆ స్క్రూ రంధ్రాన్ని సరిగా సీల్ చేయక వాన నీళ్లు దిగాయన్నమాట. అది బాగుచేసుకోవచ్చు. కీల్ చుట్టూ, తెరచాప కట్టే స్తంభం (మాస్ట్) కింద ఉంటే మాత్రం బేరం వదిలేసుకోవడమే మంచిది. పొట్ట మీద ఫైబర్ ఊడి చెక్క బయటపడ్డ చోటు ఉంటే, అక్కడ ఓడపురుగు చేరిందేమో చూడమనండి. మన వెచ్చటి సముద్రాల్లో అది చెక్కను లోపల్నుంచి తొలిచేస్తుంది.

బిల్జ్‌లో నీళ్లుంటే వేలు ముంచి నాలుక చివర పెట్టి చూడండి. రోత అనిపించినా చేయండి, నేను ఇప్పటికీ చేస్తాను. చప్పగా ఉంటే వాన నీళ్లో, ట్యాంకు నీళ్లో. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోందన్నమాట. టీ రంగులో ఉంటే ఎక్కడో ఇనుమో, బోల్టో కరుగుతోంది. బిల్జ్‌కి కొత్తగా రంగు వేసి ఉంటే కారణం అడగండి. నాలాగా మురిసిపోకండి.

మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగల మీదుగా పాత నూలు పంచె ముక్క ఒకటి జారుస్తూ పోండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగలో ఒక నరం తెగింది. చెయ్యి పెట్టకండి, కోసుకుపోతుంది. ఆ తీగలు చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. 10 నుంచి 15 ఏళ్లకొకసారి మార్చాలనేది అందరూ పాటించే లెక్క. 2007 నాటివే ఉంటే, కొత్త తీగల ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి. తీగల కింది చివర పడవకు బిగించే స్టీలు పట్టీలు చాలాసార్లు క్యాబిన్‌లో అల్మరా వెనక దాక్కుని ఉంటాయి. ఆ పలక విప్పించండి. ‘అది తీస్తే పాలిష్ పాడవుతుంది సార్’ అంటారు. పాడైతే నేనే పాలిష్ చేయిస్తానని చెప్పి విప్పించండి.

ఇంజను సంగతి మీకు తెలిసిందే కాబట్టి రెండు మాటలు. మీరు వెళ్లేసరికి అది చల్లగా ఉండాలి, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే అనుమానించండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది.

ఆఖరున నీళ్లలోకి దించి, తెరచాప ఎత్తి, రెండు గంటలైనా నడిపి చూడండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. చుక్కాని ఆమె చేతికివ్వండి.

ఇక కాగితాలు. పడవ రిజిస్టరై ఉంటే రిజిస్ట్రీ నకలు తీయించండి, తాకట్టు ఉంటే అందులో కనిపిస్తుంది. విదేశీ జెండా మీద ఉన్నా, బయటి దేశం నుంచి వచ్చినా, కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ లేకుండా ముట్టుకోకండి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. పడవ నడిపినవాళ్ల జీతం బకాయి, పోర్టు బకాయి లాంటివి మనిషిని వదిలి పడవను పట్టుకుంటాయి. ఓడల మీద బాకీల దావాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ప్రకారం యజమాని మారినా ఆ హక్కులు పోవు, వాటి గడువు తీరేదాకా పడవ వెంటే వస్తాయి. పెద్దాయన ఎంత మంచివాడైనా, పడవను చూసుకునే కుర్రాడికి జీతం బాకీ ఉందేమో నేరుగా ఆ కుర్రాడినే అడగండి. యార్డు నుంచి, పోర్టు నుంచి బాకీ లేదని రాయించుకోండి.

పులికాట్ మాట మరిచిపోండి. మనకు దగ్గర్లోనే ఉంది, ఆశ సహజమే. కానీ ఆ సరస్సు సగటు లోతు దాదాపు ఒక మీటరు. 36 అడుగుల కీల్ పడవకు అడుగున మీటరున్నర నుంచి రెండు మీటర్ల నీళ్లు కావాలి. తడ దగ్గర దించిన నిమిషంలో బురదలో కూర్చుంటుంది. పైగా అది పక్షుల అభయారణ్యం. చెన్నైలో చోటు దొరుకుతుందో లేదో కొనకముందే తేల్చుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, 2016 డిసెంబరులో వర్దా చెన్నై మీద ఎలా విరుచుకుపడిందో మనకు గుర్తే. ఆ నెలల్లో పడవను గట్టెక్కించి పెట్టే చోటు కావాలి. చోటు దొరక్కపోతే ఒకటి రెండేళ్లు గోవాలోనే ఉంచి, సెలవులకు మీరే వెళ్లండి. సముద్రం మీదుగా తీసుకురావాలంటే కన్యాకుమారిని చుట్టి రావాలి, అది మీ మొదటి ప్రయాణం కాకూడదు. రోడ్డు మీద తెస్తే మాస్ట్ దించాలి. వెడల్పు 2.6 మీటర్లు దాటుతుంది కాబట్టి ప్రత్యేక అనుమతి తప్పనిసరి.

మీ ఆవిడ టెన్షన్‌కు ఒక లెక్క చెప్పండి. పడవ ధరలో పదో వంతు ఏటా దాని మీద ఖర్చవుతుందని పడవలవాళ్లు అనుకునే మాట. 26 లక్షల పడవకు ఏడాదికి 2 లక్షల 60 వేలు, ఎక్కడికీ వెళ్లకపోయినా సరే. ఆ లెక్క ఆవిడ ముందు కాగితం మీద వేయండి. ఆవిడ సరేనంటేనే గోవాకు టికెట్లు తీయండి. సర్వే రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, సుద్ద గీతల ఫొటోలు కూడా పంపండి. ఒక్కో గీత చూసి జవాబిస్తాను.

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పడవ కొనే స్తోమత లేదు. సముద్రం లేని ఊరివాళ్లం తెరచాప పడవ నేర్చుకోగలమా అండీ?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నేర్చుకోగలవమ్మా. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున తెరచాప పడవ నడిపిన విష్ణు శరవణన్ పుట్టింది మన చిత్తూరు పక్కనున్న వేలూరులో. అక్కడా సముద్రం లేదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో పిల్లలకు నేర్పే క్లబ్బులున్నాయి. చెన్నైలో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. మీ కాలేజీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ ఉంటే అందులో చేరితే ఇంకా మంచిది, అక్కడ క్యాడెట్లకు తెరచాప పని నేర్పుతారు. ముందు ఈత నేర్చుకో. తర్వాత ఒక్కరే నడిపే చిన్న పడవతో మొదలుపెట్టు. మొదటి రోజే అది తిరగబడుతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టడమే మొదటి పాఠం. వెళ్లేటప్పుడు రెండు జతల బట్టలు పెట్టుకో.