బెనౌలిం పెళ్లికి మోపాలో దిగొచ్చా?

డిసెంబరులో దక్షిణ గోవాలోని బెనౌలిం బీచ్‌లో పెళ్లి, హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లతో వెళ్తున్నాం, మోపా విమానాశ్రయానికి టికెట్ చవగ్గా ఉంది తీసుకోవచ్చా అని అడిగారు కదండీ. వద్దండి. మోపా గోవాకు ఉత్తరపు కొసన ఉంది. అక్కణ్ణుంచి బెనౌలిం సుమారు 70 కిలోమీటర్లు, ట్రాఫిక్ ఉంటే రెండు గంటలు. టికెట్లో మిగిలింది టాక్సీకే పోతుంది. గోవాలోనే ఉన్న ఇంకో విమానాశ్రయం దబోలిం నుంచైతే ముప్పావుగంట. టికెట్ కొనేటప్పుడు రెండూ ‘గోవా’ అనే కనిపిస్తాయి కాబట్టి డబ్బు కట్టేముందు విమానాశ్రయం కోడ్ చూడండి: దబోలింకి జీఓఐ, మోపాకి జీఓఎక్స్. రైలైతే మడ్గావ్‌లో దిగాలి, బెనౌలిం అక్కడికి దగ్గరే.

ఓలా, ఉబర్ల మీద ఆధారపడకండి. ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్ గానీ గోవామైల్స్ యాప్ గానీ చూసుకోండి. పదిమంది ఒకే విమానంలో దిగితే ముందే టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవడం మేలు.

అసలు ఇబ్బంది ఇసుకతోనండి. వీల్‌చైర్ చక్రాలు మెత్తటి ఇసుకలో కూరుకుపోతాయి, తోసినకొద్దీ ఇంకా దిగుతాయి. మండపం దాకా చెక్కపలకల దారి వేయిస్తున్నారో లేదో పెళ్లివారిని ఇప్పుడే అడగండి. హీల్స్ వద్దు, మడమ పట్టీ ఉన్న చదును చెప్పులు చాలు. పట్టుచీర కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టుకోమనండి, ఉప్పునీళ్లు తగిలితే జరీ నల్లబడుతుంది. సాయంత్రం సముద్రపు గాలికి పైట నిలవదు, పిన్నులు ఎక్కువే పెట్టుకోండి. డిసెంబరులో ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది, ఫొటోలు కావాలంటే ఐదింటికే అక్కడుండాలి.